దేముడమ్మ ఆఖరి జాడీ

పెళ్ళాం పోయినవాడి వంటిల్లు ఊరందరి సొత్తు. ఇందులో వాదించేదేమీ లేదు. దేముడమ్మ పోయిన రెండేళ్ళలో అప్పయ్య ఇంట్లోంచి కవ్వం పోయింది, రోకలి పోయింది, అట్లపెనం వెళ్ళి తిరిగి రాలేదు. మిగిలింది ఆమె చేతి ఆవకాయ, ఆఖరి జాడీ. దాన్ని అలమరలో పెట్టి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నాడు. తనూ ముట్టుకోలేదు. ఆమె బతికుండగా ఏటా కొత్త జాడీ తీసిన రోజున మొదటి ముద్దకే "ఉప్పు సాలదు" అనేవాడు. నలభై ఏళ్ళు అన్నాడు.

ఆ రోజు తొమ్మిది గంటల పడవలో నది అవతలి దలా వెళ్ళిపోదామని అతని ఆలోచన. కూతురు పద్మిని టీవీవాళ్ళని ఇంటికి పిలవడమే కారణం. ఆమె ఊరి చివర ఫ్యాక్టరీల పేట లైంగ్‌థార్యార్‌లో బట్టల ఫ్యాక్టరీ గుమస్తా. అక్కడికి మిషన్లు బిగించడానికి వచ్చిన బల్గేరియావాడి అన్న స్టోయన్, వాళ్ళ దేశపు టీవీలో తిండి కార్యక్రమం చేస్తాడు. రకియా అనే తమ పళ్ళసారాలోకి ఏ దేశంలో ఏం నంజుకోవచ్చో చూపించడం ఈసారి అతని పని. పద్మిని తండ్రికి అంత చెప్పలేదు. ఇంటి కింద మన దుకాణం ఫోటో తీసుకుంటారని మాత్రం చెప్పింది.

వాళ్ళు ఎనిమిదికే వచ్చారు. సామాను మేడమీద బల్ల మీద పెట్టి, దుకాణం చూడటానికి పద్మినితో కిందికి దిగారు. బయల్దేరేముందు అప్పయ్య రోజూలాగే దేముడమ్మ ఫోటో ముందు గ్లాసులో నీళ్ళు మార్చాలి. తెల్లారినప్పటి నుంచి కరెంటు లేదు, పంపు ఆడలేదు, బిందె ఖాళీ. బల్ల మీద నీళ్ళ సీసా కనిపించింది. గ్లాసు నిండా పోసి దండం పెట్టుకున్నాడు.

అది స్టోయన్ తండ్రి పెరట్లో ప్లమ్ పళ్ళతో కాచిన రకియా. ఇంట్లో కాచినది వాళ్ళు నీళ్ళ సీసాల్లోనే పోసుకుంటారు. పైకొచ్చిన స్టోయన్ గ్లాసు వాసన చూశాడు, ఫోటో చూశాడు, టోపీ తీశాడు. పోయినవాళ్ళకి ఓ చుక్క పోయడం తమ ఊళ్ళోనూ ఉందని, ఇంత దూరంలో అది చూస్తాననుకోలేదని పద్మినితో చెప్పించి అప్పయ్యని కౌగిలించుకున్నాడు.

"నీళ్ళు కావేటి అవి?" అన్నాడు అప్పయ్య.

"సారా నాన్నా. అమ్మకి సారా పోసీసావు."

తాగి వచ్చాడని సొంత తమ్ముణ్ణి మెట్ల మీదే కూర్చోబెట్టి అన్నం పెట్టిన మనిషి దేముడమ్మ. అప్పయ్య గ్లాసు తీయబోయాడు. పోసింది తీయకూడదని స్టోయన్ చెయ్యి పట్టుకున్నాడు. ఇక ఆమె పేరున అందరూ తాగాలన్నాడు. ఏదీ నంజుకోకుండా రకియా తాగడం తమలో లేదన్నాడు. ఆవిడ చేతి ఊరగాయ ఏమైనా ఉందా అని అడిగాడు.

అప్పయ్య మొలతాడు మీద చెయ్యి వేసుకున్నాడు. అంతలో అలమర తెరుచుకున్న చప్పుడైంది. ఆ తాళానికి రెండో చెవి ఉందనీ, దేముడమ్మ దాన్ని కూతురికిచ్చి పోయిందనీ అతనికి అప్పుడే తెలిసింది.

పడవ వెళ్ళిపోయింది. స్టోయన్ ఆవకాయని కూరలా చెంచాతో తిన్నాడు. మంట చల్లారడానికి రకియా తాగాడు. తాగాడు గనక మళ్ళీ ఆవకాయ తిన్నాడు. కెమెరావాడు కెమెరాని స్టాండు మీద ఆన్‌లోనే వదిలేసి తనూ వచ్చి కూర్చున్నాడు. జాడీ సగమైంది. చివరికి స్టోయన్ చెమట తుడుచుకుని, కెమెరా వైపు తిరిగి ఏదో అన్నాడు. పద్మిని తల దించుకుంది.

"ఏటంతన్నాడు?"

"అంతా బాగుందంట నాన్నా. ఉప్పే కాస్త తక్కువంట."

అప్పయ్య జాడీని తన దగ్గరికి లాక్కున్నాడు. ఒక ముక్క తీసి నోట్లో వేసుకున్నాడు. టెంక మిగిలేదాకా నమిలాడు.

"ఉప్పు సరిపోనాది," అన్నాడు. "ఎప్పుడూ సరిపోయేది. సెప్పు ఆడికి."

పద్మిని స్టోయన్‌కి చెప్పలేదు. ఫోటో వైపు చూసింది.

నెల తర్వాత అప్పయ్య ఉప్పు సరిపోయిందనడం బల్గేరియా టీవీలో వచ్చింది. అక్కణ్ణుంచి ఫోన్లలో వాళ్ళుండే లత పేటలోని తెలుగువాళ్ళందరికీ చేరింది. నలభై ఏళ్ళు ఆ ఇంట్లో "ఉప్పు సాలదు" అన్న మాటే విన్న చుట్టాలు, ఇప్పుడెలా సరిపోయిందని దుకాణానికి వచ్చి మరీ అడిగారు. జాడీ ఊసు గాని, ఉప్పు ఊసు గాని తన దగ్గర ఇక ఎత్తొద్దని, తనూ ఎత్తనని అప్పయ్య అందరికీ ఒకేసారి చెప్పేశాడు. ఆ పూట పద్మిని పప్పులో ఉప్పు వేయడం మరిచిపోయింది. అప్పయ్య ఆ ఊసూ ఎత్తకుండా తినేశాడు.