మూడో వార్డు డమ్మీ అభ్యర్థి

కెనడా దేశం, ఒంటారియో రాష్ట్రం, సార్నియాకు అరగంట దూరంలో గల హాథోర్న్ పట్టణంలో మూడో వార్డు కౌన్సిలర్ పదవికి శ్రీ రాజగోపాల్ గారు పోటీ చేయుచున్నారని యావన్మంది తెలుగువారికి ఇందుమూలంగా తెలియజేయడమైనది. 2022లో ఈ ప్రకటన వాట్సాప్‌లో మనందరికీ వచ్చింది. మనందరం దాని కింద నమస్కారం బొమ్మ పెట్టాం. హాథోర్న్ ఎక్కడుందో మనలో ఎవరికీ తెలియదు. ఆ మాటకొస్తే రాజగోపాల్ గారెవరో హాథోర్న్‌కీ అప్పటికింకా తెలియదు.

ఆ ఊరు చాలాకాలం ప్రశాంతంగా బతికింది. ముసలివాళ్ళు పెరట్లో గడ్డి కోసుకునేవారు, మిగతావాళ్ళు సార్నియా ఫ్యాక్టరీలకు కార్లలో పోయి వచ్చేవారు. తర్వాత డాలర్ స్టోరుకీ, కుక్కలకు క్షవరం చేసే దుకాణానికీ మధ్య ఖాళీగా పడున్న గదుల్లో ఒక ప్రైవేటు కాలేజీ వెలిసింది. అందులో ప్రపంచస్థాయి వ్యాపార నిర్వహణ నేర్చుకుందామని ఖమ్మం నుంచి, నెల్లూరు నుంచి, కడప నుంచి పిల్లలు దిగారు. వాళ్ళకు వారానికి రెండు రోజులు పాఠాలు. మిగతా రోజులు ఊరవతల టమాటా గ్రీన్‌హౌస్‌లో పని. ఊళ్ళో బస్సు అనే పదార్థం లేదు కాబట్టి పిల్లలు మంచులో హైవే పక్కన బారులు తీరి నడిచేవారు. క్రమశిక్షణ గల పిల్లలని ఊరివాళ్ళు కారు అద్దాల్లోంచి మెచ్చుకునేవారు.

ఆ పిల్లల కష్టం చూడలేకే రాజగోపాల్ గారు తన బేస్‌మెంటు తెరిచారు. ఆయన టొరంటోలో ఒక బ్యాంకుకు ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ పని చేసే పెద్దమనిషి. కరోనా రోజుల్లో అక్కడి కాండో ఫ్లాటు అమ్మేసి ఇక్కడ పెద్ద ఇల్లు కొన్నారు. ఊరి నిబంధనల ప్రకారం ఒక ఇంట్లో ఇంతమందే అద్దెకుండాలి గనక, లెక్కకు మించినవాళ్ళంతా ఆయనకు మేనకోడళ్ళయ్యారు. తనిఖీకి వచ్చిన అధికారి, ఈయనకు ఎంతమంది అక్కచెల్లెళ్ళో అని విస్తుపోయి వెనక్కి వెళ్ళాడు.

మేనకోడళ్ళున్న ఇంట్లో అత్తయ్య కూడా ఉంటుంది కదా. ఆమె పేరు హైమావతి. బెజవాడలో ఫార్మసీ చదివింది, సిటీ బస్సులో వేలాడుతూ కాలేజీకి పోయి వచ్చిన మనిషి. కెనడా వచ్చాక డ్రైవింగ్ నేర్పే బాధ్యత భర్తే తీసుకున్నారు. మొదటి పాఠంలోనే ఆయన పెట్టిన కేకలకు ఆమె కారు నడిరోడ్డు మీద ఆపేసి, ఇంటికి నడిచి వచ్చేసింది. రెండో పాఠం జరగలేదు. సార్నియాలో మందుల షాపు వాళ్ళు రెండుసార్లు పిలిచి ఉద్యోగమిస్తామన్నారు. రెండుసార్లూ రాజగోపాల్ గారికి పొద్దుటి పూట మీటింగులున్నాయి. "వీకెండ్ చూద్దాం" అన్నారాయన. మందుల షాపు వాళ్ళు వీకెండ్ దాకా ఆగలేదు. మూడోసారి పిలుపు వస్తే ఎలా వెళ్ళాలా అన్నది ఆమె రోజూ అంట్లు తోముతూ ఆలోచించే విషయం. ఆ సంగతి కథకు అనవసరమని రాజగోపాల్ గారి అభిప్రాయం కాబట్టి ముందుకు పోదాం.

పాత కౌన్సిలర్ మోకాళ్ళ నొప్పులు ఎక్కువై తప్పుకున్నాడని తెలియగానే రాజగోపాల్ గారిలో వంశరక్తం పొంగింది. తెనాలి దగ్గర ఆయన మేనమామ విశ్వనాథం గారు ఒకప్పుడు సర్పంచ్ పదవికి పోటీ చేశారు. సంతకం ఒకచోట మరిచిపోతే నామినేషన్ కొట్టేశారు. ఇంటావిడ చేత డమ్మీ నామినేషన్ వేయించనందుకు ఆయన పోయేదాకా కుమిలిపోయారు. ఈ విషాదగాథ వింటూ పెరిగినవాడు జాగ్రత్త పడకుండా ఉంటాడా?

"హైమా, నువ్వూ ఒక నామినేషన్ పడెయ్యి. ఊరికే డమ్మీకి. నాది ఓకే అయ్యాక విత్‌డ్రా చేసేద్దాం" అన్నారు.

"నాకెందుకండీ ఇదంతా?"

"నిన్నేం చెయ్యమన్నాను? సంతకం పెట్టి కూర్చోడమే."

గడువు చివరి రోజు శుక్రవారం. రాహుకాలం వెళ్ళాక, మంచి ఘడియ చూసుకుని మునిసిపల్ ఆఫీసుకు వెళ్ళి ఆయన కాగితాలిచ్చారు. వెనకే ఆమె ఇచ్చింది. రెండు గంటలు కొట్టగానే క్లర్కు కిటికీ మూసేసి, ఇద్దరి కాగితాలూ సవ్యంగా ఉన్నాయని నవ్వుతూ చెప్పింది. రాజగోపాల్ గారు కూడా నవ్వి, "ఆవిడది విత్‌డ్రాకు ఎప్పుడు రావాలి?" అని అడిగారు. ఉపసంహరణ గడువు కూడా ఇప్పుడే ముగిసిందనీ, ఇద్దరి పేర్లూ బ్యాలెట్ మీద ఉంటాయనీ ఆమె చెప్పింది. మరి ప్రత్యర్థులెవరని అడిగితే, "ఇంకెవరూ వేయలేదండీ. మీ ఆవిడ వేయకపోయుంటే ఈపాటికి మీరు ఏకగ్రీవంగా ఎన్నికైనట్టే" అంది. రాజగోపాల్ గారికి తల కొట్టేసినట్టయింది.

సాయంత్రానికి ఆయన కోలుకున్నారు. పోటీ లేని గెలుపు ఏం గెలుపు, ప్రచారం చేసుకునే భాగ్యం దక్కిందనుకున్నారు. టొరంటో శివారు స్కార్‌బరోలోని సమైక్య తెలుగు సమితి అధ్యక్షులు రామమోహనరావు గారికి ఫోన్ చేశారు. ఆ సమితి అప్పటికి ఎన్నోసార్లు చీలింది, చీలినప్పుడల్లా సమైక్య అన్న మాటను భద్రంగా కాపాడుకుంది. రావు గారు వెంటనే ఒక ఫ్లెక్సీ అచ్చు వేయించి పంపారు. మధ్యలో రాజగోపాల్ గారు చేతులు జోడించి ఉన్నారు. పైన రావు గారు చెయ్యి ఊపుతున్నారు. కింద వరసలు వరసలుగా శుభాకాంక్షలు తెలిపే పెద్దల పాస్‌పోర్టు ఫోటోలు. దాన్ని ఇంటి ముందు కట్టగానే పక్కింటి మార్గరెట్ అనే పెద్దావిడ చేతికర్ర ఊతంతో వచ్చి, చాలాసేపు చూసి, "అయ్యో పాపం, వీళ్ళందరూ ఎప్పటి నుంచి కనిపించడం లేదు?" అని అడిగింది.

ఊరేగింపు మాత్రం దివ్యంగా జరిగింది. కాలేజీ పిల్లలంతా జెండాలు పట్టుకుని వచ్చారు. జనసందోహాన్ని చూసి రాజగోపాల్ గారి కళ్ళు చెమర్చాయి. బేస్‌మెంటులో ఉండే ధాత్రి అనే ఖమ్మం పిల్ల మాత్రం ఉండబట్టలేక అడిగేసింది.

"అంకుల్, మాకెవ్వరికీ ఓటు లేదు గదా. మేం స్టూడెంట్ వీసా వాళ్ళం."

"ఓటుదేముందమ్మా, ఎవరైనా వేస్తారు. జనం కనపడాలి."

జనం ఎందుకు వచ్చారో ఆయన అడగలేదు. ఊరేగింపు అయ్యాక అందరినీ కార్లలో గ్రీన్‌హౌస్ దగ్గర దింపుతామని సమితివాళ్ళు మాటిచ్చారు. ఆ సీజన్‌లో పిల్లలు కాళ్ళు తడవకుండా పనికి పోయిన రోజు అదొక్కటే.

ఓటున్న తెలుగు కుటుంబాలు కూడా ఊళ్ళో కొన్ని ఉన్నాయి. వాళ్ళందరూ రాజగోపాల్ గారిని ఇంట్లో కూర్చోబెట్టి, టీ ఇచ్చి, తప్పకుండా వేస్తామన్నారు. ఆపైన గంటసేపు తెలంగాణలో జరగబోయే ఒక ఉప ఎన్నిక గురించి ఏ మండలంలో ఎవరికి ఎంత మెజారిటీ వస్తుందో విడమరిచి చెప్పారు. మూడో వార్డు పోలింగ్ ఎక్కడో మాత్రం ఎవరూ అడగలేదు.

ఇక అభ్యర్థుల సభ. మాజీ సైనికుల హాల్లో పెట్టారు. ఆ వార్డులో ఎన్నిక చూసి చాలా ఏళ్ళయింది గనక ఊరి ముసలివాళ్ళంతా ఎవరో ఒకరి కారు పట్టుకుని వచ్చి కూర్చున్నారు. రాజగోపాల్ గారు ముందు మాట్లాడారు.

"సోదర సోదరీమణులారా! నేను ఓట్లడగడానికి రాలేదు. మీ ఇంటి బిడ్డగా మీ ఆశీస్సులు కోరి వచ్చాను. హాథోర్న్‌ను సింగపూర్ చేస్తాను. ఈ మట్టి రుణం తీర్చుకుంటాను!"

దీనికి ఆయనే చేసుకున్న ఇంగ్లీషు అనువాదం విని, కొత్తగా వచ్చినాయన ఎవరికో బాకీ పడ్డాడని సభికులు బాధపడ్డారు. తర్వాత మైకు హైమావతి ముందుకు జరిగింది. రెండు ముక్కలు చెప్పి కూర్చోమని ఆయన సైగ చేశారు. ఆమె నిజంగానే రెండు ముక్కలు చెప్పింది.

"నాకు కారు నడపడం రాదండీ. ఈ ఊళ్ళో బస్సు లేదు. రెండుసార్లు ఉద్యోగం వచ్చింది, వెళ్ళలేకపోయాను. కూరగాయలు కావాలన్నా ఎవరికి ఖాళీ ఉందా అని చూడాలి. మా కింద ఉండే పిల్లలు చీకట్లో మంచులో నడిచిపోతుంటే నాకు భయమేస్తుంది. ఒక్క బస్సు ఉంటే బాగుండును. అంతే."

కళ్ళు సరిగా కనపడటం లేదని డాక్టరు రాసిన దగ్గర్నుంచి మార్గరెట్‌కు లైసెన్సు లేదు. ముందు ఆమె లేచి చప్పట్లు కొట్టింది. ఆ తర్వాత అలాంటి ముసలివాళ్ళందరూ, లేవగలిగినవాళ్ళు లేచి, కొట్టారు. మర్నాటి పొద్దున మార్గరెట్ ఇంటి ముందు చేత్తో రాసిన బోర్డు వెలిసింది. దాని మీద హైమ అని పేరు, పక్కన ఒక బస్సు బొమ్మ.

"ఏంటే ఇది? పరువు తీద్దామనుకున్నావా?" అన్నారు రాజగోపాల్ గారు.

"నేనేం చేశానండీ? మీరే కదా నిలబెట్టారు."

"పోటీలో లేనని అందరికీ చెప్పు."

"గడువు అయిపోయింది కదండీ" అంది ఆమె, చారుకు పోపు పెడుతూ. గొంతులో కోపం లేదు. అందుకే ఆయనకు భయం వేసింది.

ఆయన ఊరికే కూర్చునే మనిషి కాదు. ఆమె బస్సు అంటే ఈయన మెట్రో రైలన్నారు. రైలుతో తృప్తి కలగక విమానాశ్రయమన్నారు. ఒకే ఒక్క ట్రాఫిక్ సిగ్నల్ ఉన్న ఊరికి మూడు ఫ్లైఓవర్లు మంజూరు చేశారు. ఈ కరపత్రాలు ఇంటింటికీ పంచమని మేనకోడళ్ళను పురమాయించారు. ధాత్రి బృందం చలిలో నడిచి నడిచి, నిజాయితీగా ప్రతి గుమ్మం ఎక్కింది. తలుపు తీసినవాళ్ళు కాగితం తీసుకోకుండానే, "ఇంత చలిలో నడిచి వచ్చారా? బస్సు కావాలన్న ఆవిడ మీకు తెలుసా?" అని అడిగారు. "మా ఆంటీనే" అన్నారు పిల్లలు. అబద్ధం చెప్పడం వాళ్ళకు రాదని అనలేం, మేనకోడళ్ళుగా అనుభవం ఉంది. కానీ ఇది నిజం కావడంతో ఇంకా ఉత్సాహంగా చెప్పారు. అలా రాజగోపాల్ గారి సొంత ఖర్చుతో, సొంత కార్యకర్తలతో, ఆయన భార్య ప్రచారం వార్డంతా పూర్తయింది.

పోలింగ్ రోజు తెలుగు ఓటర్లందరూ ఫోన్లలో ఉప ఎన్నిక చర్చలు చూస్తూ ఇళ్ళల్లోనే ఉండిపోయారు. ముసలివాళ్ళు మాత్రం ఒకరి కార్లో ఒకరు ఇరుక్కుని వెళ్ళి ఓట్లేశారు. హైమావతి ఘనంగా గెలిచింది. ఇక్కడి నుంచి ఆమెను మనం గారు అనక తప్పదు, పదవి వచ్చింది కదా.

ఆ సాయంత్రం రాజగోపాల్ గారు సోఫాలో కూలబడి, చివరికి అడిగారు.

"నువ్వు ఎవరికి వేశావు?"

"మీకేనండీ."

"నిజమా?"

"ఒక్కటీ పడదేమోనని జాలేసింది."

తర్వాత కథ చప్పగా సాగింది. హైమావతి గారు ప్రతి కౌన్సిల్ మీటింగులోనూ బస్సు గురించే అడిగారు. వేరే విషయం ఎత్తినా చివర బస్సు దగ్గరికే వచ్చారు. కౌన్సిల్ విసిగిపోయి, ప్రయోగాత్మకంగా ఒక బస్సు వేసింది. కాలేజీ దగ్గర బయల్దేరి, మునిసిపల్ ఆఫీసు, గ్రీన్‌హౌస్ మీదుగా సార్నియా వెళ్తుంది. మందుల షాపు వాళ్ళు మూడోసారి పిలిచారు. మొదటి రోజు కిటికీ పక్కన కూర్చుని, హైమావతి గారు దిగవలసిన చోటు దాకా ఏడ్చారు. పక్క సీట్లో ఉన్న ధాత్రి చూసీ చూడనట్టు ఊరుకుంది.

ఇంతటి ఘనకార్యం జరిగాక మనం సన్మానం చేయకుండా ఉంటామా? స్కార్‌బరో హాలు కిక్కిరిసింది. వేదిక వెనక కొత్త ఫ్లెక్సీలో రాజగోపాల్ గారు నిలువెత్తున ఉన్నారు. మూలన చిన్న గుండ్రంలో హైమావతి గారు కూడా ఉన్నారు. రామమోహనరావు గారు మైకు పట్టుకున్నారు.

"భార్యను గెలిపించడం కోసం తాను ఓడిన త్యాగమూర్తి! హాథోర్న్ ప్రజలకు బస్సును ప్రసాదించిన దార్శనికుడు!"

రాజగోపాల్ గారికి శాలువా కప్పారు. హైమావతి గారికి బొట్టు పెట్టి, పసుపు కుంకుమ, జాకెట్టు ముక్క ఇచ్చారు. ఆయన త్యాగం గురించి సవివరంగా ప్రసంగించారు. ఆ తర్వాత రావు గారు మైకు ఆమె వైపు తిప్పి, "అమ్మా, మీరూ రెండు ముక్కలు చెప్పండి, భోజనాలు చల్లారిపోతున్నాయి" అన్నారు. ఆమె అందరికీ నమస్కారం పెట్టి మైకు తిరిగి ఇచ్చేశారు.

వడ్డన ముందు సమితి తీర్మానం చదివారు. వచ్చే ఎన్నికల్లో రాజగోపాల్ గారిని హాథోర్న్ మేయర్ పదవికి నిలబెట్టాలనీ, ముందు జాగ్రత్తగా హైమావతి గారి చేత ఎప్పటిలాగే డమ్మీ నామినేషన్ వేయించాలనీ ఏకగ్రీవంగా తీర్మానించడమైనది. హాలు దద్దరిల్లింది. మీరు మూడో వరసలో ఉన్నారు, నేను మీ వెనకే ఉన్నాను. ఇద్దరం లేచి నిలబడి మరీ చప్పట్లు కొట్టాం.

అందరికంటే ఎక్కువసేపు కొట్టినవారు హైమావతి గారు. ఈసారి నామినేషన్‌కు ఆమెను ఎవరూ కార్లో తీసుకెళ్ళనక్కర్లేదు. బస్సు మునిసిపల్ ఆఫీసు ముందే ఆగుతుంది.