పొయ్యి గదిలో ఫ్రెంచి సంస్కృతి

అక్-తుమార్ పట్టణ పౌరులందరూ ఈ శీతకాలం ఫ్రెంచి భాషను, సంస్కృతిని ఆనందించవలసిందిగా సాంస్కృతిక భవనం నోటీసు బోర్డు మీద ప్రకటన వెలువడింది. ఆనందించినవారు ద్వారం దగ్గరి రిజిస్టరులో సంతకం చేయాలి. పేరు, వయసు, ఎంత ఆనందించారు అని మూడు గడులు. మూడో గడిలో "చాలా" అని ముందే అచ్చు వేయించారు, పౌరులకు శ్రమ తగ్గించడం కోసం.

అంతటి సంస్కృతిని చలిలో కూర్చోబెట్టడం మర్యాద కాదు గనక, భవనం మొత్తంలో పొయ్యి పనిచేసే ఒకే ఒక్క గదిని దానికి కేటాయించారు. అంతవరకు ఆ గదిలో, మేడమీద ఊలు తివాచీలు కుట్టే ఆడవాళ్ల పిల్లలు నిద్రపోయేవారు. నిద్ర సంస్కృతి కిందికి రాదు. అందుచేత పిల్లలను నాట్యశాలకు మార్చారు. అక్కడ గాలికి కొదవ లేదు. కిటికీల్లో మూడింటికి అద్దాలే లేవు.

కెంజె కొడుకు ఎర్మెక్‌కు రెండేళ్లు. నాట్యశాలలో నాలుగో రోజుకు దగ్గు పట్టుకుంది. చేతిలో సూది కదులుతున్నా కెంజె చెవి మెట్ల కిందే ఉండేది. దగ్గు వినిపిస్తే గుండె జారేది. వినిపించకపోతే ఇంకా జారేది. ఆరో రోజున తివాచీ పక్కన పడేసి డైరెక్టరు ఎస్తెబెస్ గారి ముందు నిలబడింది.

"అన్నగారూ, మావాణ్ణి ఆ పొయ్యి గదిలో ఓ మూల పడుకోబెట్టుకుంటాను. చప్పుడు చెయ్యడు."

"చూడమ్మా, నేనూ పిల్లలు గలవాణ్ణే. కానీ ఆ గది ఫ్రెంచి సంస్కృతిది. నీదీ కాదు, నాదీ కాదు."

"నేర్చుకునేవాళ్లు రావచ్చుగా మరి?"

"రావచ్చా ఏమిటి, రావాలి! ఎవరూ రావడం లేదనే కదా నా ఏడుపు."

నిజమే. అప్పటికి రిజిస్టరులో ఉన్న సంతకాలు రెండు. ఒకటి ఆయనది, రెండోది ఫ్రెంచి పంతులమ్మ జిపార్‌ది. ఎనిమిదో తరగతిలోనే బడి మానేసిన కెంజె ఆ ప్రకటనను వేలు పెట్టి అక్షరం అక్షరం చదివింది. "పౌరులందరూ" అనే ఉంది. ఇన్నేళ్లు నిండినవారు అని ఎక్కడా లేదు. కొడుకు బొటనవేలు సిరాలో ముంచి ముద్ర వేయించింది.

జిపార్ నోరు నొక్కుకుంది. "ఒసే, వాడికింకా మన మాటలే రాలేదు కదే!"

"మరీ మంచిది కదక్కా. మర్చిపోవాల్సింది ఏమీ లేదు."

వారం తిరిగేసరికి పదకొండు బొటనవేళ్లు పడ్డాయి. ఎస్తెబెస్ గారు రాజధానికి నివేదిక పంపారు: "ఫ్రెంచి మీద మా ప్రజల మక్కువ ఎంతటిదనగా, నడక రాకముందే వచ్చి చేరుతున్నారు." నిద్రపోతున్నవారిని "కళ్లు మూసుకుని పాటలు వింటున్నవారు"గానూ, ఏడుస్తున్నవారిని "ఉచ్చారణ సాధన చేస్తున్నవారు"గానూ చూపించారు. ఎర్మెక్ దగ్గు సగానికి సగం తగ్గింది. అదీ ఫ్రెంచి సంస్కృతి చలవేనని నివేదికలో ఎక్కింది. బొగ్గు పేరు ఎవరూ ఎత్తలేదు.

ఫిబ్రవరిలో రాజధాని నుంచి తనిఖీ సంఘం వచ్చింది. వెంట ఓదిల్ అనే ఫ్రెంచి ఆవిడ, ఆవిడ చేతుల్లో చీజు, అంటే బండిచక్రమంత గట్టి జున్ను. అతిథిని పొయ్యి గదిలో తలుపుకు ఎదురుగా, అందరికన్నా గౌరవమైన చోట కూర్చోబెట్టారు. జున్నును మధ్యన పెట్టారు. పెట్టాక పెద్ద చిక్కు వచ్చిపడింది. గొర్రెనైతే పంచడం పసిపిల్లాడికి కూడా తెలుసు: అతిథికి తల, పెద్దలకు తుంటి, పిల్లలకు చెవి. మరి దీనికి తల ఎటువైపు?

"కాగితం అంటించిన వైపేనయ్యా," అన్నాడు సంఘంలోని పెద్దాయన. "పేరు మొహాన కాక వీపున రాస్తారా ఎవరైనా?"

"అట్లాగైతే తుంటి నాకు రావాలి. నీకంటే రెండేళ్లు పెద్దవాణ్ణి," అన్నాడు సంఘంలోనే ఇంకొకాయన.

"ఆ రెండేళ్లూ నువ్వు కాగితాల మీద కలుపుకున్నవి కాదూ?"

గంటసేపటికి జున్ను న్యాయంగా తెగింది. ఓదిల్‌కు కాగితంతో సహా తల దక్కింది. ఆవిడ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని తల మెచ్చుకుంది. ఎస్తెబెస్ గారు లేచి ప్రసంగించారు: "ఫ్రాన్సుకూ అక్-తుమార్‌కూ మధ్య దూరమెంత? ఆ పొయ్యికీ ఈ తలుపుకూ ఉన్నంత! ఈ తలుపు ఎవరికీ ఏనాడూ మూసుకోదు!"

చప్పట్లకు ఎర్మెక్ లేచి దగ్గాడు. ఓదిల్ వచ్చి వాడి రొమ్ము మీద అరచెయ్యి పెట్టింది. మెడలోని ఊలు శాలువా తీసి వాడికి చుట్టింది. కెంజె వైపు తిరిగి ఏదో అడిగింది. అందరూ జిపార్‌ను చూశారు. జిపార్‌కు నలభై ఫ్రెంచి వాక్యాలు వచ్చు. నలభయ్యీ రైల్వే స్టేషనుకు సంబంధించినవే. ఆమె ధైర్యం చేసి, బండి తొమ్మిదింటికి రెండో ప్లాట్‌ఫారం నుంచి బయలుదేరుతుందని చెప్పింది. ఓదిల్ సందర్శకుల పుస్తకం తెప్పించుకుని అర పేజీ రాసి వెళ్లిపోయింది.

జిపార్ నిఘంటువు ముందేసుకుని ఆ అర పేజీని రెండు రోజుల్లో విప్పింది. "ఈ బాబును డాక్టరుకు చూపించండి. ఈ గది వెచ్చగా ఉంది. దయచేసి పిల్లలను ఇక్కడినుంచి కదిలించకండి."

ఎస్తెబెస్ గారు అంతా విన్నారు. "ఎంత అందమైన దస్తూరీ!" అన్నారు. ఆ పేజీకి బంగారు రంగు చట్రం కట్టించారు.

మార్చిలో బిరుదు వచ్చింది: ఆదర్శ ఫ్రెంచి సంస్కృతీ గది. ఆదర్శ గదిలో ఎవరూ పడుకోరాదు, ఏడవరాదు, తడపరాదు. చట్రాన్ని గోడకు తగిలించి, తలుపుకు తాళం వేశారు. చట్రంలోని సిరా చెమ్మకు చెదిరిపోకుండా పొయ్యి మాత్రం రాత్రింబవళ్లు మండించాలని ప్రత్యేక ఉత్తర్వు. పిల్లలు నాట్యశాలకు తిరిగి వెళ్లారు. దగ్గూ తిరిగి వచ్చింది.

ఆ పొయ్యి వీపు నడవలోకి వస్తుంది. అక్కడ గోడ జానెడు మేర వెచ్చగా ఉంటుంది. కెంజె కొడుకును శాలువాతో సహా ఆ జానెడుకు ఆనించి నిలబెడుతుంది. వెనక వరసలో పదిమంది తల్లులు.

"ఇంక జరుగు కెంజే, మా పిల్ల చేతులు చూడు, నీలంగా."

"ఒక్క దగ్గు ఆగనీ వదినా, జరుగుతా."

ఎస్తెబెస్ గారు అది చూసి కళ్లు చెమర్చి, రిజిస్టరును నడవలోకి మార్పించారు. "గోడ అవతలినుంచి కూడా ఆనందిస్తున్నవారు" అని కొత్త శీర్షిక పెట్టించారు.

ఇంతవరకు చదివి నవ్వుకున్నవారు కూడా అందులో సంతకం చేయవలసిందిగా మనవి. నవ్వు ఆనందం కిందికే వస్తుంది. "చాలా" అని ముందే అచ్చు వేసి ఉంది. ఎర్మెక్ దగ్గుకు మాత్రం గడి లేదు.