అస్తరు వేసిన కారు

ఆ రోజు పొద్దున టైలరు వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఎండ ముదిరేలోగా ఆస్పత్రికి వెళ్ళాలి. అక్కను కారులో కూర్చోబెట్టుకోవాలి. ఆవిడ ఒంటి మీద చెమట చుక్క పుట్టకుండా ఇంటికి చేర్చాలి. మొదటి రెండూ అతని చేతిలో ఉన్నవే. మూడోది కారు చేతిలో ఉంది.

అక్క గుండె ఇక బాగుపడేది కాదని పెద్ద డాక్టరు వరండాలో నిలబడే చెప్పేశాడు. "మేం చేసేది ఇంకేం లేదు. ఇంటికి తీసుకెళ్ళండి. ఉన్నన్నాళ్ళు చల్లగా ఉంచండి, వేడి మాత్రం అస్సలు పనికిరాదు" అన్నాడు. ఆయన మాట్లాడుతున్నంతసేపూ టైలరు ఆ తెల్లకోటు భుజం వైపే చూస్తూ ఉండిపోయాడు. అక్కడ కుట్టు ఊడింది. ఏడుపు ఆపుకోవాలంటే కళ్ళకు ఏదో ఒక పని కావాలి.

అక్కను ఇంటికి తీసుకెళ్ళడం మాటలు కాదు. అమ్మ పోయాక తమ్ముణ్ణి సాకింది ఆవిడే, మిషను ముందు కూర్చోబెట్టి పని నేర్పించిందీ ఆవిడే. అయినా అతని గడప తొక్కి ఏళ్ళు దాటింది. ఆఖరిసారి వచ్చినప్పుడు వంటింట్లో టైలరు భార్య ఎవరితోనో, "మా వదిన వచ్చిందంటే ఇంట్లో ఊపిరాడదమ్మా" అంది. తాగిన గ్లాసు కడిగి పెడదామని వెళ్ళిన అక్క తలుపు ఇవతలే ఆగిపోయింది. గ్లాసు అక్కడే కింద పెట్టి, సంచి సర్దుకుని, సాయంత్రం బండికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత తమ్ముడే వెళ్ళి చూసొచ్చేవాడు తప్ప ఆవిడ రాలేదు.

ఇప్పుడు మాత్రం ఒప్పుకుంది. అదీ షరతు మీద.

"వస్తాన్రా. కానీ దారిలో నాకు చెమట పట్టిందో, బండి అటే వృద్ధాశ్రమానికి తిప్పెయ్. అక్కడ గది గదికీ ఏసీ ఉందిట. ఉక్కలో ఉడికి చావడానికి నీ పెళ్ళాం ఇల్లే కావాలా నాకు?"

టైలరు సరేనన్నాడు. అన్నాక కారు గుర్తొచ్చింది. అది ఇద్దరి చేతులు మారి వచ్చిన కారు. దాని ఏసీ నోట్లోంచి వచ్చే గాలికి కాగితం ముక్క కూడా కదలదు. మెకానిక్ చెయ్యి అడ్డం పెట్టి చూసి పెదవి విరిచాడు.

"ఇది గాలి కాదు బాబాయ్, నిట్టూర్పు. కంప్రెసర్ చావుబతుకుల్లో ఉంది. కొత్తది రావాలంటే వారం పడుతుంది."

"వారం ఆగే మనిషి కాదురా."

"అయితే అద్దాలకి నల్ల ఫిల్మ్ వేయించు. ఎండ లోపలికి రాకపోతే ఈ నిట్టూర్పే చాలు."

స్టిక్కర్ల షాపతను ఫిల్మ్ చుట్ట విప్పి చూపించాడు. టైలరు దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపాడు. నలభై ఏళ్ళుగా ఏ గుడ్డనైనా అలాగే చూస్తున్నాడు మరి. మొహం చిట్లించాడు.

"బొత్తిగా పల్చన. రెండు వరసలు వెయ్."

"రెండా! వద్దండీ. ఒక్కటి చాలు. రెండేస్తే మీకే బయటేం కనపడదు."

"అస్తరు వెయ్యని కోటు కోటేనా? పైది ఎండకి, లోపలిది మనిషికి. నువ్వు వెయ్యి."

"వేస్తా. తర్వాత నన్నడగద్దు. ఆదివారం దాకా అద్దాలు దించకండి, జిగురు ఆరలేదంటే ముడతలు పడి ఊడొస్తుంది."

ముడతలు అనే మాట టైలరు గుండెల్లో దిగిపోయింది. బతుకంతా ఆ ఒక్క మాటతో యుద్ధం చేసినవాడు. ప్రాణం పోయినా అద్దం దించకూడదనుకున్నాడు.

పొద్దున కారు తీస్తుంటే భార్య గుమ్మంలోకి వచ్చింది.

"ఇదేం కారండీ, ఇనప్పెట్టెలా ఉంది?"

"వెనక గది సర్దావా?"

"సర్దాను, సర్దాను" అంటూ ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది. ఒకే మాట రెండుసార్లు అందంటే పని ఒక్కసారి కూడా కాలేదని టైలరుకి తెలిసి ఉండాల్సింది.

ఆస్పత్రిలో అక్క సగానికి సగమైపోయింది. నోరు మాత్రం ఎక్కడా తగ్గలేదు. చక్రాల కుర్చీలోంచి కారును ఎగాదిగా చూసి, "నన్ను తీసుకెళ్ళడానికి వచ్చావా, దొంగిలించుకెళ్ళడానికా?" అంది. టైలరు షాపు నుంచి తెచ్చిన తెల్ల లాంక్లాతు గుడ్డ కుళాయి కింద తడిపి, పిండి, వెనక సీట్లో పడుకోబెట్టిన ఆవిడ మీద కప్పాడు. ఏసీ పెట్టాడు. అది నిట్టూర్చింది.

కొంత దూరం బాగానే సాగింది. కారు పరుగెత్తుతుంటేనే ఆ ఏసీకి కాస్త ప్రాణం. పరుగు మాత్రం టైలరు వల్ల కాలేదు. పక్క అద్దాల్లోంచి చూస్తే రోడ్డు అమావాస్యలా ఉంది, వెనక అద్దం పలకలా ఉంది. ఎవరి మీదికి పోతున్నాడో తెలియక నెమ్మదించాడు. నెమ్మదించేసరికి ఏసీ కూడా నెమ్మదించింది. లోపల ఉక్క మొదలైంది.

"అక్కా, చెమట పట్టిందా?"

"లేదు."

"నిజంగా?"

"లేదన్నానా! రోడ్డు చూడు."

చీకట్లో అతనికి ఆవిడ మొహం కనపడలేదు. కనపడితే తెలిసేది, ఆవిడ నుదురంతా అప్పటికే తడిసిపోయింది. ఆవిడ తడిగుడ్డను చడీచప్పుడూ లేకుండా తల మీదికి లాక్కుని, దాని కిందే మొహం తుడుచుకుంది. షరతు పెట్టింది తనే. ఆశ్రమానికి వెళ్ళే ఉద్దేశం మాత్రం ఆవిడకి ఏ కోశానా లేదు.

పెద్ద కూడలిలో ట్రాఫిక్ కానిస్టేబుల్ ఈల వేశాడు. వచ్చి అద్దం మీద టకటకా కొట్టాడు. టైలరు అద్దం దించకుండా తలుపు తీశాడు.

"అద్దం దించమంటే తలుపు తీస్తావేంటయ్యా?"

"అద్దం దించకూడదండీ."

"ఏం? ఎవర్ని దాచావు లోపల?"

"మా అక్కండీ" అన్నాడు టైలరు. చెమట ధారలు కళ్ళ మీంచి బుగ్గల మీదుగా గడ్డం దాకా కారుతున్నాయి. "ఆస్పత్రి నుంచి ఇంటికి తీసుకెళ్తున్నా. ఇంక చేసేదేం లేదన్నాడండీ డాక్టరు."

కానిస్టేబుల్ వంగి వెనక్కి చూశాడు. సీటు మీద తల నుంచి పాదాల దాకా తెల్లగుడ్డ. గుడ్డ కింద అక్క ఊపిరి బిగబట్టి పడుకుంది. ఇప్పుడు గుడ్డ తీస్తే తమ్ముడు చెమట చూసేస్తాడు.

కానిస్టేబుల్ టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"తెలీక ఆపాను బాబూ, ఏమనుకోకు. నాకూ ఓ అక్క ఉండేది. లైట్లు వేసుకో, నెమ్మదిగా పోనీ. దారి నేనిప్పిస్తా." నాలుగు వైపులా బళ్ళు ఆపేసి, కారు పక్కన పదడుగులు నడిచాడు కూడా.

"జబ్బు మనుషులంటే ఎంత గౌరవం చూశావా అక్కా" అన్నాడు టైలరు, లైట్లు వేస్తూ. గుడ్డ కింద నుంచి "ఊఁ" అని వినిపించింది.

కూడలి పక్కనే బండి పెట్టుకున్న ఇస్త్రీ అతను ఇదంతా చూశాడు. అతనిదీ టైలరు వీధే. పోలీసు టోపీ తీయడం చూశాడు, తెరిచిన తలుపులోంచి తెల్లగుడ్డ చూశాడు, తెలిసినాయన మొహం మీద కన్నీళ్ళు చూశాడు. ఇంకేం కావాలి? పెట్టెను చొక్కా మీదే వదిలేసి సైకిలెక్కాడు. ఆ చొక్కా టైలరు పక్కింటి రిటైర్డ్ హెడ్మాస్టరుది. ఆ సంగతి వేరు.

నత్తలా వస్తున్న కారు కన్నా కబురు చాలా ముందే వీధికి చేరింది. కిరాణా కొట్టు షట్టరు సగానికి దిగింది. కారు మలుపు తిరిగేసరికి వీధి మొదట్లో నలుగురు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. కారు వాళ్ళను దాటగానే వెనకే నడిచారు. నలుగురు పదిమందయ్యారు, పదిమంది పాతికమందయ్యారు. అస్తరు వేసిన వెనక అద్దంలోంచి టైలరుకి పిట్ట కూడా కనపడలేదు. వీధి ఇవాళ ఎంత నిశ్శబ్దంగా ఉందో అనుకున్నాడు, అంతే.

గేటు ముందు కారు ఆగీ ఆగకముందే టైలరు భార్య పరుగెత్తుకొచ్చి వెనక తలుపు మీద పడిపోయింది.

"వదినా! అంత పని చేశారా వదినా!"

లోపల టైలరు అదిరిపడ్డాడు. "ఇదేంటి, ఇది ఏడుస్తోందేంటి?" అంటూ తలుపు పిడి మీద చెయ్యి వేశాడు. వెనక నుంచి ఒక తడి చెయ్యి వచ్చి అతని చొక్కా కాలరు పట్టుకుంది.

"కూర్చో" అంది అక్క, గుసగుసగా.

"నువ్వు పోయావనుకుంటోందే!"

"అదే కదా. కూర్చో. ఇలాంటిది మళ్ళీ వినే రాతుందో లేదో."

బయట హెడ్మాస్టరు గొంతు సవరించుకున్నారు. చావు ఎవరిదైనా నాలుగు మాటలు చెప్పే బాధ్యత ఆ వీధిలో ఆయనది. కళ్ళు మూసుకుని మొదలుపెట్టారు. "శాంతమూర్తి. మితభాషి. ఎన్నడూ ఎవరినీ పల్లెత్తు మాట అనని సాధ్వి..."

"ఎవడ్రా వీడు? నన్నెప్పుడు చూశాడు?" అంది అక్క.

"అక్కా, నీకు దణ్ణం పెడతా, ఇక్కడ కుంపటిలా ఉంది. దిగుదామే."

"ఉష్."

టైలరు భార్య అద్దానికి నుదురు ఆనించి ఏడుస్తోంది. ఇద్దరి మొహాల మధ్యా ఒక అద్దం, రెండు వరసల నలుపు. అంతే దూరం.

"ఆవేళ నోరు జారాను వదినా. మీరు విన్నారని తెలుసు. తలుపు దగ్గర గ్లాసు చూశాను. ఇన్నేళ్ళూ ఒక్క మాట, తప్పయిందని ఒక్క మాట, ఉత్తరమ్ముక్క కూడా రాయలేదు నేను."

కారులో ఏసీ నిట్టూర్పు కూడా ఆగిపోయింది.

"ఇవాళ కూడా పాపం చేశాను వదినా! వెనక గది సర్దలేదు. గుడ్డల మూటలు అలాగే వదిలేశాను. ఆ రేకుల కింద వేడికి రెండ్రోజుల్లో మీరే విసుక్కుని వెళ్ళిపోతారనుకున్నాను."

"చూశావా! అనుకున్నాను!" అంది అక్క. గొంతులో కోపం కన్నా గెలుపే ఎక్కువ వినపడింది.

"ఒక్కసారి లేవండి వదినా! ముందు గది ఇచ్చేస్తాను. కూలరు మీకే పెడతాను. మీరేమన్నా పడి ఉంటాను, ఊపిరాడకపోతే ఆడకపోనీ..."

కిర్రుమని చప్పుడైంది. వెనక తలుపు అద్దం కిందికి దిగడం మొదలుపెట్టింది. ఆరని జిగురు సాగింది. నల్ల ఫిల్మ్ రెండు వరసలూ ముడతలు పడి, చుట్టుకుని, పాము కుబుసంలా వేలాడాయి. ఆ సందులోంచి తెల్లగుడ్డ చుట్టుకున్న తల ఒకటి బయటికి వచ్చింది.

"కూలరు ఎటువైపు పెడతావు, తల వైపా, కాళ్ళ వైపా?"

టైలరు భార్య నిలుచున్నచోటే కూలబడింది. వెనకున్న పాతికమందిలో సగం మంది కిరాణా కొట్టు దాకా ఒక్క ఉరుకున పోయారు. హెడ్మాస్టరు కళ్ళు మూసుకునే ఉన్నారు కాబట్టి "...ఆమె గొంతు మనకిక వినిపించదు" అనే వాక్యం కూడా పూర్తి చేశారు.

టైలరు దిగి అటువైపు తలుపు తీశాడు. వెలుగులో అక్కను చూశాడు. జుట్టు నుదుటికి అంటుకుపోయింది, మెడ మీద నీళ్ళు కారుతున్నాయి, జాకెట్టు పిండితే గ్లాసుడు వచ్చేలా ఉంది. అతను అక్కడే తల దించుకున్నాడు.

"తిప్పమంటావా అక్కా బండి?"

"ఎటు?"

"ఆశ్రమానికి. చెమట పట్టింది కదా."

అక్క కొంగుతో మొహం తుడుచుకుంది. కింద కూర్చుని నోరు తెరుచుకు చూస్తున్న మరదలి వైపు చూసింది. మరదలి మొహం కూడా అంతే తడిగా ఉంది.

"చెమటేంటి? నువ్వు కప్పిన గుడ్డ తడి సరిగ్గా పిండలేదు" అంది. తర్వాత మరదలితో, "లేవవే, మట్టిలో కూర్చుంటావేం? చెయ్యందుకో. నా ఒక్కదాని వల్ల కాదు" అంది.

మరదలు లేచి చెయ్యి అందించింది. ఎవరు ఎవర్ని లేపారో చూసినవాళ్ళకి సరిగ్గా తెలియలేదు. ఇద్దరూ ముందు గదిలోకి నడిచారు. గుమ్మంలో అక్క ఆగి ఆయాసపడింది. మరదలు కూడా ఆగింది.

"ఊపిరాడటం లేదా వదినా?"

"నాకు ఆడటం లేదులే. నీకెలా ఉంది?"

ఆ సాయంత్రం టైలరు కారు దగ్గర కూర్చుని, ముడతలు పడ్డ ఫిల్మ్‌ను గోటితో సాపు చేయాలని చాలాసేపు చూశాడు. అది సాపు కాలేదు. అతనూ లేవలేదు.

ఆవిడ నిజంగా పోయింది వానలు మొదలయ్యాక, కూలరు అవసరం తీరాక, తెల్లవారుజామున నిద్రలో. ఆ రోజు కూడా వీధి వీధంతా వచ్చింది గానీ, హెడ్మాస్టరు రెండుసార్లు పేరు పెట్టి పిలిచి చూసేదాకా ఎవ్వరూ ఏడవలేదు.