ఖమర్‌బీ అద్దాలూ గట్టిమేళమూ

ఆ రోజు అమీర్ బాషా వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే ప్రొద్దుటూరులో బస్సెక్కాలి, జమ్మలమడుగులో దిగాలి, పెళ్లిలో నాదస్వరం ఊదాలి, తాళి కట్టే వేళకు గట్టిమేళం వాయించాలి, కడుపునిండా తినాలి, మధ్యాహ్నం ఇంటికొచ్చి కాళ్లు చాపుకుని పడుకోవాలి. నలభై ఏళ్లుగా చేస్తున్న పనే. ఇంత చిన్న పథకంలో చెడిపోవడానికి ఏముంటుంది అనుకుంటాం కదా? కళ్లద్దాలున్నాయి.

కిందటి నెల కంటి శిబిరంలో అమీర్ బాషాకూ ఆయన భార్య ఖమర్‌బీకీ ఒకేసారి ఆపరేషన్లు చేసి, ఒకేరకం నల్లఫ్రేము అద్దాలిచ్చి పంపారు. ఆయనవి దూరం చూడ్డానికి. జాకెట్లు కుట్టే ఖమర్‌బీవి దగ్గర చూడ్డానికి, సూదిలో దారం ఎక్కించుకోవడానికి.

"ఏమ్మే, నా అద్దాలు యాడ పెట్టినావు?"

"గూట్లో ఉండాయి చూడు. అన్నీ నేనే చేతికియ్యల్లనా? నిర్మలమ్మ జాకెట్టు సాయంత్రానికల్లా కావాలంట, నా తిప్పలు నాకుండాయి."

గూట్లో రెండు జతలున్నాయి. ఆయన చేతికి తగిలింది తీసి జేబులో పెట్టుకున్నాడు. పొరపాటు తెలిసింది బస్టాండులో, బస్సు బోర్డు చదవబోయినప్పుడు. చంకలోని నాదస్వరం సంచి మీద కుట్లు కూడా లెక్కపెట్టొచ్చు గానీ, బారెడు దూరం దాటితే లోకమంతా మజ్జిగలో కలిసిపోయింది. అద్దాలు తీసేస్తే ఇంకా అధ్వానం. వెనక్కి వెళ్దామంటే బస్సు కదులుతోంది.

"ఏందన్నా, అట్ల బిత్తరచూపులు చూస్తాండావు?" అన్నాడు పక్కసీట్లో డోలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ఓబన్న. వాళ్లిద్దరిదీ మీసాలు రానప్పటి జోడీ.

"ఏం లేదురా, నిద్ర సాల్లేదు" అన్నాడు అమీర్ బాషా. ఓబన్న మంచివాడే, కానీ వాడికి రహస్యం చెప్పడమంటే మైకులో చెప్పడమే. వాడు గుసగుసలాడినా డోలు మీద దరువేసినట్టే ఉంటుంది. ఈ సంగతి గనక మండపం మేనేజరు జయరామయ్య చెవిన పడితే ఇక అంతే.

ఎందుకంటే జయరామయ్య వారం కిందటే కుండబద్దలు కొట్టి చెప్పేశాడు. "చూడు బాషా, పోయిన పెండ్లిలో నువ్వు గట్టిమేళం లేటుగా ఎత్తుకుంటివి. పెండ్లికొడుకు తాళి పట్టుకోని దిక్కులు చూసె. మన డీజే ఉమైర్ దగ్గర పెన్‌డ్రైవు ఉండాది, బటన్ నొక్కితే గట్టిమేళం వస్తాది. ఈ పెండ్లి చూస్తా. ఏ మాత్రం వంక వచ్చినా శ్రావణమాసం నుంచి పెన్‌డ్రైవే."

అమీర్ బాషాకు ఆ మాట గుండెల్లో దిగింది. ఆ మండపం కట్టకముందు, అదే జాగాలో తాటాకు పందిళ్లు వేసే రోజుల్లో ఆయన తండ్రి దస్తగిరి ఊదాడు. తండ్రి వెనక కూర్చుని శ్రుతి పట్టింది ఆయనే. అప్పట్లో మేళగాళ్లు వస్తున్నారంటే పెళ్లివారు ఎదురొచ్చేవారు, నలుగులో మిగిలిన నూనె రాసి వేన్నీళ్లు పోసేవారు. పొద్దు గూకాక పెళ్లి పనులన్నీ ఆగిపోయి, ఊరంతా పందిట్లో చేరి, ఆ రాగం ఊదు, ఈ రాగం ఊదు అని అడిగి మరీ వినేవారు. గండి ఆంజనేయస్వామి దగ్గర శ్రావణ శనివారాల్లో తండ్రీకొడుకులు ఊదుతుంటే పాపఘ్నిలో స్నానాలు చేసేవాళ్లు తడిబట్టలతోనే నిలబడిపోయేవారు. ఇప్పుడు అడిగేవాళ్లు లేరు, వినేవాళ్లూ లేరు. మిగిలింది ఆ ఒక్క గట్టిమేళం. దాన్ని కూడా బటన్ మింగేస్తే ఇక నాదస్వరాన్ని సంచిలోంచి తీయడం దేనికి?

"ఈ పొద్దు ఏ వంకా రాగూడదు ఓబా" అన్నాడు.

"వస్తే నేనుండాగదన్నా" అని ఓబన్న అరిచి చెప్పేసరికి కండక్టరు ఉలిక్కిపడ్డాడు.

మండపంలో ఇద్దరికీ బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు పెట్టారు. తిని చెయ్యి కడుక్కుని అమీర్ బాషా గుమ్మం దగ్గర నిలబడి ఉంటే, వేడి బజ్జీల గంగాళం మోసుకుంటూ వంటమనిషి గఫూర్ పరుగున వచ్చాడు.

"మామా, మామా, పెండ్లికొడుకోళ్లు యాడుండారు? వాండ్లకని రెండో వాయి దించినాం. పులివెందుల నుంచి వచ్చేసరికి ముద్దనూరు రైలుగేటు పడిందంట, ఆకలి మీదుండారంట."

పెళ్లికొడుకు తరఫువాళ్లంతా గులాబీరంగు తలపాగాలు కట్టుకొస్తారని మేనేజరు ముందే చెప్పి ఉన్నాడు. అమీర్ బాషా తలెత్తి చూశాడు. మజ్జిగలో దూరంగా ఒక గులాబీరంగు గుంపు కదులుతూ కనిపించింది.

"అద్దో, ఆ గులాబీరంగోళ్లు. పో పో, సల్లారిపోతాయి" అని చేత్తో చూపించి, ఒక మంచి పని చేశానని తృప్తిపడ్డాడు.

ఆ గులాబీరంగు పెళ్లికొడుకువాళ్ల తలపాగాలది కాదు. పెళ్లికూతురి మేనత్తలు, పిన్నమ్మలు అందరూ మాట్లాడుకుని ఒకే రంగులో కట్టుకున్న పట్టుచీరలది. వాళ్లు అప్పటికే ఒక వాయి తిని కూర్చున్నారు. అయినా వేడివేడిగా ఎదురొచ్చిన బజ్జీని వద్దనే మనిషి కడప జిల్లాలో ఇంకా పుట్టలేదు. గంగాళం ఖాళీ అయింది. వంటవాళ్లు నూనె దించి సాంబారు ఎక్కించేశారు.

ఆ తరువాత కాసేపటికి పులివెందుల బస్సు వచ్చింది. నిజం తలపాగాలు లోపలికి వచ్చాయి, విస్తళ్ల ముందు కూర్చున్నాయి. ఉగ్గాని వచ్చింది. బజ్జీ రాలేదు.

"బజ్జీ యాడప్పా?" అన్నాడు పెళ్లికొడుకు చిన్నాయన బాలనాగయ్య. గంపెడు మీసాలు, చేతికి లావుపాటి బంగారు కడియం, మనిషి ఏడడుగులున్నాడా అనిపించే విగ్రహం.

"అయిపోయినాయన్నా" అన్నాడు వడ్డించే అతను.

ఉగ్గానికి పక్కన బజ్జీ లేకపోవడం ఆ ప్రాంతంలో మామూలు లోటు కాదు. ముఖం మీద తలుపు వేసినంత పని. బాలనాగయ్య ఆ ఉగ్గానిని ముట్టకుండానే లేచాడు. లేచి, మీసం మీద చెయ్యి వేసుకుని పీటల దగ్గరకు నడిచాడు. ఆయన వెనక తలపాగాలన్నీ నడిచాయి.

అప్పటికి పీటల మీద పెళ్లికూతురు సహస్ర, రాత్రే వచ్చి విడిదిలో దిగిన పెళ్లికొడుకు యశ్వంత్ కూర్చుని ఉన్నారు. జీలకర్రా బెల్లం పెట్టడం అయిపోయింది. తాళిబొట్టు పళ్లెం పెద్దలందరి చేతులూ తాకి తిరిగొచ్చి, పురోహితుడు తాళిని యశ్వంత్ చేతికిచ్చి, "లగ్నం వచ్చేదాకా ఆగు నాయనా" అన్నాడు. అందరి చేతుల్లో అక్షింతలున్నాయి. వేదికకు ఒక మూల అమీర్ బాషా మెల్లగా కల్యాణి ఊదుతున్నాడు. ఆయనకు తెల్లగా, ఎర్రగా, పచ్చగా కొన్ని మరకలు కనిపిస్తున్నాయి. పురోహితుడి చెయ్యి పైకి లేవడమే సైగ. ఆ చేతికీ బంగారు కడియం ఉంటుంది, అది మెరుస్తుంది. ఆ ఒక్క మెరుపు పట్టుకుంటే చాలు, యా అల్లా, అనుకుంటూ రెప్ప వేయకుండా చూస్తున్నాడు. ఓబన్న పురోహితుడి వైపు చూడడు. వాడి చూపు ఎప్పుడూ అన్న బుగ్గల మీదే. అవి ఉబ్బితే వాడు వాయిస్తాడు.

"ఏమయ్యా సుబ్బరాయుడూ, మేము బజ్జీకి తగని మనుషులమా?" అంటూ బాలనాగయ్య వేదిక ఎక్కాడు.

పెళ్లికూతురి మేనమామ సుబ్బరాయుడికి అసలు సంగతే తెలియదు. "బజ్జీ ఏందప్పా, ముహూర్తం టైములో?" అన్నాడు.

"మీ ఆడోళ్లు రెండు వాయిలు తినిరంట! మా పిల్లోళ్లు వుత్త ఉగ్గాని మింగల్లనా?"

"మీరు టయానికి వస్తే బజ్జీ ఏంది, బజ్జీ పొయ్యే మీ ముందర పెడ్తాంటిమి."

"అంటే గేటు పడితే పట్టాల మీద దూకి రావల్లనా?"

"నిశ్చితార్థంలో మీ ఇంట్లో మాకు పెట్టిన కాఫీ సంగతి ఎత్తమంటావా? అది కాఫీనా? గిన్నె కడిగిన నీళ్లా?"

కాఫీ మాటతో పరిస్థితి చెయ్యి దాటింది. రెండువైపులా బంధువులు వేదిక ఎక్కారు. కుర్చీలు పడ్డాయి. గొడవ చెవిన పడుతున్నా, రెప్ప తిప్పితే కడియం మెరుపు తప్పిపోతుందని అమీర్ బాషా చూపు కదల్చలేదు. పురోహితుడు "లగ్నం దాటిపోతోంది నాయనలారా!" అని మైకులో మొత్తుకున్నాడు గానీ, ఆ తోపులాటలో ఎవరో మైకు తీగ తొక్కేశారు. జయరామయ్య చేతులు జోడిస్తూ అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఇంకో మాట వస్తే పెళ్లి ఆగిపోతుంది. ఆ మాట అప్పటికే బాలనాగయ్య నోట్లో తయారుగా ఉంది.

"ఇట్లాంటి ఇంటి పిల్లని మేము..." అంటూ ఆయన సుబ్బరాయుణ్ణి కొట్టడానికి చెయ్యి పైకెత్తాడు.

బంగారు కడియం మెరిసింది.

అమీర్ బాషా బుగ్గలు ఉబ్బాయి. ఓబన్న డోలు ఉరిమింది. ఈసారి ఆలస్యం అన్న మాట రాకూడదని ఇద్దరూ ప్రాణం పెట్టి వాయించారు. మండపం అదిరిపోయింది. బాలనాగయ్య మాట ఆ మోతలో ఎక్కడ పడిందో ఆయనకే వినిపించలేదు.

గట్టిమేళం ఎత్తుకున్నాక ఎవరికైనా ఒక్కటే తెలుసు. అక్షింతలు వెయ్యాలి. కలబడ్డవాళ్లు కూడా కాలర్లు వదిలి చేతులు ఊపారు. వెనక వరుసల్లో గొడవ కనిపించనివాళ్లు జల్లుమని చల్లారు. పైకెత్తిన బాలనాగయ్య అరచేతిలో ఎవరో ముసలమ్మ గుప్పెడు అక్షింతలు పోసి, "వెయ్యి నాయనా, వెయ్యి" అంది. ఆయన ఒక క్షణం సుబ్బరాయుడి చెంప వంక చూశాడు, ఒక క్షణం పిల్లల వంక చూశాడు, పిల్లల మీద వేశాడు.

యశ్వంత్ మాత్రం తాళి పట్టుకుని బొమ్మలా కూర్చున్నాడు. సహస్ర తల వంచి, జడ పక్కకు తీసి, "కట్టప్పా, ఏం చూస్తాండావు?" అని పళ్ల బిగువున అంది. అతను కట్టేశాడు.

మేళం ఆగింది. పురోహితుడు గడియారం చూసుకుని, కళ్లొత్తుకుని, "సరిగ్గా లగ్నంలో పడ్డాయి మూడు ముళ్లు" అన్నాడు. బాలనాగయ్య చెయ్యి చూసుకున్నాడు. అంతా పసుపు. ఇంకెవరిని కొడతాడు?

"మీ నాయన దస్తగిరి ఇట్లనే చేసినాడు బాషా, నేను చిన్నప్పుడు చూసినా" అన్నాడు పురోహితుడు, మేళం దగ్గరకు వచ్చి. "పులివెందుల దగ్గర ఒక పెండ్లిలో కత్తులు లేస్తే గట్టిమేళం ఎత్తుకున్నాడు. పందిట్లో చెడ్డమాట వినపడగూడదు, మేళం దాన్ని మింగేయల్ల అనేవాడు. మళ్లా ఇన్నేండ్లకు నువ్వు."

అమీర్ బాషాకు అప్పుడు తెలిసింది, తాను ఎవరి చేతికి ఊదాడో. నిజానికి ఆ పెళ్లి ఆయనకూ గుర్తే. తండ్రి వెనక వణుకుతూ శ్రుతి పట్టుకుని కూర్చున్నాడు. తండ్రి తెలిసి చేసిన పని తాను తెలియక చేశాడు. సిగ్గేసింది, నాయన గుర్తొచ్చి కళ్లల్లో నీళ్లూ తిరిగాయి. ఆ తడి చూసి అందరూ అది వినయం అనుకున్నారు.

జయరామయ్య ఉమైర్ వైపు తిరిగాడు. "నువ్వేం చేస్తాండావురా అప్పుడు?"

"కొట్లాట వీడియో తీస్తాండా సార్" అన్నాడు ఉమైర్, సెల్లు దాచుకుంటూ.

"చూసినావా? పెన్‌డ్రైవుకు కండ్లుంటాయా? చూసి ఊదేదానికి మనిషే ఉండల్ల. బాషా, మా మండపంలో నీ జాగా నీదే."

అమీర్ బాషా అద్దాలు సర్దుకున్నాడు.

మధ్యాహ్నం భోజనాల్లో నూనె మళ్లీ పొయ్యెక్కింది. బాలనాగయ్య బజ్జీలు తిని, సుబ్బరాయుడికి తినిపించి, అమీర్ బాషాను పక్కన కూర్చోబెట్టుకుని, "తిను మామా, ఈ బజ్జీల కథ ఏ నాకొడుకు చేసినాడో గాని, వాణ్ణి చూడల్లని ఉండాది" అన్నాడు. అమీర్ బాషాకు మిరపకాయ గొంతుకు అడ్డంపడి పొలమారింది.

తిరుగు బస్సులో ఓబన్నకు అంతా చెప్పేశాడు. ఓబన్న నవ్వీ నవ్వీ డోలు మీద వాలిపోయి, "అన్నా, యాడా చెప్పను" అని బస్సంతటికీ వినపడేలా ఒట్టేశాడు.

ఇంటికొచ్చేసరికి ఖమర్‌బీ గుమ్మంలో నిలబడి ఉంది. ముక్కు మీద ఆయన అద్దాలు, చేతిలో ఆకుపచ్చ జాకెట్టు.

"నీ అద్దాలు పెట్టుకుంటే వీధి చివర కొళాయి దగ్గర ఎవరెవరు కొట్లాడుకుంటాండారో అంతా కనపడింది గాని, ఈ జాకెట్టు కనపడలేదు. చూడు, కుడిచెయ్యి ఎడమకు కుట్టినా. నీ పని కూడా చెడిందా?"

"లేదు, బాగైంది" అని అమీర్ బాషా అరుగు మీద కూర్చుని జరిగినదంతా చెప్పాడు. ఖమర్‌బీ నవ్వలేదు. శ్రద్ధగా వింది. ఇంతలో వీధి చివర నిర్మలమ్మ గొంతు వినిపించింది. "ఏం ఖమర్‌బీ, అయిందా నా జాకెట్టు?"

ఖమర్‌బీ జాకెట్టు వంక చూసింది, వీధి వంక చూసింది, మొగుడి చంకలోని సంచి వంక చూసింది.

"ఇంగేం చూస్తాండావు? విప్పు సంచి. ఆయమ్మ నోరు తెరిచేలోపల ఎత్తుకో గట్టిమేళం."

అమీర్ బాషా నాదస్వరం తీసి, దాని నోటి పీకను నాలుకతో తడిపాడు.