ఎంక్వైరీకి వచ్చిన పెద్దమనిషి

ఆ పొద్దున్న హనోకు వేసుకున్న ప్లాను చిన్నదే. పరవాడ వెళ్లి గార్డులను చూసుకుని, మధ్యాహ్నానికి అనకాపల్లి వచ్చి, పోలీసు ఎంక్వైరీకి ఇంట్లో ఉండటం. అతను నడిపేలాంటి సెక్యూరిటీ ఏజెన్సీలకు లైసెన్సు తప్పనిసరని కొత్తగా రూలు వచ్చింది. అది చూపించకపోతే కాంట్రాక్టు నెలాఖరుతో సరి అని పరవాడ మందుల కంపెనీ చెప్పేసింది. అదే జరిగితే అతన్ని నమ్ముకున్న గార్డులందరూ రోడ్డున పడతారు.

వెళ్తూ వెళ్తూ పక్కింటి అప్పలకొండమ్మతో, "పిన్నీ, ఇయాల నా గురించి ఎంక్వైరీకి వత్తారు. నాలుగు మంచి ముక్కలు సెప్పు," అన్నాడు. పోలీసంటే వీధి బెదురుతుందని ఆ మాట మింగేశాడు.

ముప్పై అయిదేళ్ల బ్రహ్మచారి మీద ఎంక్వైరీ అంటే ఆవిడకు తెలిసిన అర్థం ఒక్కటే. ఎవరో పిల్లనివ్వబోతున్నారు. ఎన్నాళ్లకు కుదిరిందని పొంగిపోయి, ఎదురింటి నూకరత్నాన్ని పిలిచి కుర్చీ వేయించి, టీ పెట్టించింది.

కానిస్టేబులు జాకబ్ మామూలు బట్టల్లో, అనుకున్నదానికన్నా ముందే వచ్చాడు. మనిషి ఎలాంటివాడని అడిగాడు.

"గొడవంటే ఆమడ దూరం బాబూ. మొన్న దొంగోడొత్తే అన్నంపెట్టి పంపేడు," అంది అప్పలకొండమ్మ.

రాత్రిపూట తిరుగుళ్లేమైనా ఉన్నాయా అన్నాడాయన. ఎనిమిదింటికే పడుకుంటాడని, ఇల్లు కూలినా లేవడని ఆవిడ భరోసా ఇచ్చింది. పగలు కుక్క మొరిగినా తమ ఇంట్లో దూరతాడని నూకరత్నం మురిసిపోతూ చెప్పింది.

"ఇక పెళ్లామొత్తే దాని మాట జవదాటడు. ఆ పెళ్లాన్ని మీరే ఇవ్వాల," అని ముగించింది అప్పలకొండమ్మ.

జాకబ్ కలం ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే హనోకు వచ్చాడు. సంగతి విని నెత్తి కొట్టుకుని, ఈయన పోలీసని, ఇది లైసెన్సు ఎంక్వైరీ అని చెప్పాడు.

అప్పలకొండమ్మ ఒక్క క్షణమే తడబడింది. కాపలా పనికి మెతకమనిషైతే లైసెన్సు ఇవ్వరనుకుంది. "అయితే అయన్నీ అబద్ధాలు బాబూ. తెల్లార్లూ తాగి తిరుగుతాడు. ఎవుడడ్డొత్తే ఆడ్ని తన్నేత్తాడు. ఊరంతా ఈడంటే హడల్," అంది.

హనోకుకు ఏడుపొక్కటే తక్కువ. "నిద్రపోయేది నేనేనండి. నా గార్డులు పోరు," అన్నాడు దీనంగా.

జాకబ్ టీ పూర్తిగా తాగి గ్లాసు కింద పెట్టాడు. "మాకు కావాల్సింది కేసులున్నాయా, తాగుతాడా అనే. నిద్ర సంగతి ఎవరూ అడగలేదు. అమ్మ మొదట సెప్పిందే రాసుకుంటాను," అన్నాడు. లేచి రెండడుగులు వేసి, మళ్లీ వెనక్కొచ్చాడు. "మా అన్నయ్య కూతురు షైనీ ఉంది. ఇంత నెమ్మదస్తుడి కోసమే సూత్తన్నాం."

నెలాఖరులోపే లైసెన్సు వచ్చింది. హనోకు, షైనీ ఒకరికొకరు నచ్చడంతో సంబంధమూ కుదిరింది. చర్చిలో పెళ్లి పొద్దున్నే పెట్టుకున్నారు. విందు కూడా రాత్రి ఎనిమిది కొట్టకముందే ముగించాలని పెళ్లికూతురి వాళ్లే పట్టుబట్టారు.