కేంద్రక బలమూ, ఇద్దరు బావలూ

ఆ ఉదయం భౌతికశాస్త్ర పంతులుగారు సాయంకాల ఉపన్యాసానికి రెండు చెక్కబంతులను సిద్ధం చేస్తున్నారు. పదవీ విరమణ తరువాత దొరికిన తొలి సభ అది. అంశం కేంద్రక బలం, ఇంగ్లీషులో న్యూక్లియర్ ఫోర్స్. సభ మెచ్చితే ఏడాది పొడవునా గ్రంథాలయ ఉపన్యాసాలు ఆయనవే. లేకుంటే భార్యకు అన్నగారైన మాజీ మేజరువి. కార్యదర్శి ఆ మాట ఇద్దరికీ ముందే చెప్పి పుణ్యం కట్టుకున్నాడు.

బంతుల లోపల అయస్కాంతాలు, పైన చిక్కటి జిగురు. దూరాన ఉన్నంతసేపూ ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. బలవంతాన చేరిస్తే ఉడుంపట్టే. పరమాణు గర్భంలో ప్రోటాన్ల కాపురమూ ఇటువంటిదేనని చూపడం పంతులుగారి సంకల్పం.

"న్యూక్లియర్ బలమంటే అంటుకోవడం కాదు బావా," అన్నారు మేజరు, గుమ్మంలోంచే. "బ్రహ్మాస్త్రం చేతిలో ఉండాలి, వెయ్యకూడదు. అవతలివాడు హడలి ఊరుకోవాలి. దాన్నే నిరోధ వ్యూహం అంటాం. ఇదిగో, ఇలా!" అంటూ ఒక బంతిని పిడికిట పట్టి ఎత్తారు.

"అయ్యయ్యో, జిగురు ఆరలేదు బావా!"

పంతులుగారు లాక్కోబోయారు. బంతి జారి మంచం కిందికి దొర్లింది. ఆయన అరచెయ్యీ మేజరు అరచెయ్యీ ఒకదానికొకటి అతుక్కుపోయాయి.

అరుపులకు పరుగున వచ్చిన ఇల్లాలు గిన్నెడు నూనె పోసింది. "ఇన్నేళ్లూ పామూ ముంగిసల్లా ఉన్నారు, కలవడానికి ఇవాళే దొరికిందా?"

"మీ అన్నయ్యనే అడుగు!"

"నీ మొగుణ్ణే అడగవే!"

నూనె జిగురుకు పట్టలేదు గాని నేలకు పట్టింది. మేజరు జారారు, పంతులుగారు వెంట జారారు, ఉపన్యాసపు కాగితాలు నీళ్ల బకెట్టులో స్నానం చేశాయి.

వేదికపైకి ఇద్దరూ చేయీ చేయీ కలిపే ఎక్కారు.

"ఇంతకీ వక్త ఎవరండీ?" అన్నాడు కార్యదర్శి.

"నేనే!" అన్నారు ఇద్దరూ.

"కేంద్రక బలం అతి దగ్గరలోనే పనిచేస్తుంది," అని పంతులుగారు కుడికి లాగారు.

"అణ్వస్త్ర బలం వాడకుండా ఉంటేనే పనిచేస్తుంది!" అని మేజరు ఎడమకు గుంజారు.

ముందు వరుస ముసలమ్మ తల పట్టుకుంది. "అయితే నాయనా, ఇది కలిపేదా, కాల్చేదా?"

"రెండూనమ్మా!" అన్నారు, జన్మలో మొదటిసారి ఏకకంఠంతో. సభ చప్పట్లతో మారుమోగింది.

కార్యదర్శి కళ్లు చెమర్చాయి. "ఎంత చక్కని ప్రదర్శన! ఏడాదంతా మీరిద్దరే, ఇలాగే. విడిపోయారో, ఇద్దరికీ ఉపన్యాసాలు లేవు."

చెమటకు జిగురు వదిలి అప్పటికే చాలాసేపయింది. పంతులుగారికి తెలుసు, మేజరుకూ తెలుసు. ఇల్లు చేరేదాకా ఎవరూ చెయ్యి తీయలేదు.

అది కేంద్రక బలమో, నిరోధ వ్యూహమో ఇల్లాలికి నేటికీ తేలలేదు.