పాల గది గృహప్రవేశం

ఏలూరులోని మా ఆఫీసులో తల్లిపాల గది వెలిసింది. మేము చేపల చెరువుల మీద పర్యవేక్షణ చేసేవాళ్ళం, మాకీ ఘనత ఎలా దక్కిందని మీరు అడగవచ్చు. మా జాయింట్ డైరెక్టరు, అంటే జె.డి., సత్యనారాయణమూర్తిగారి దూరదృష్టి వల్ల దక్కింది. "మాతృమూర్తి కంట నీరు, ఫైలు మీద దుమ్ము నా ఆఫీసులో కనపడకూడదు" అని ఆయన ప్రెస్‌నోట్ ఇచ్చారు. దాన్ని టైపు చేసే భాగ్యం నాది.

ఆ మాతృమూర్తి మా జూనియర్ అసిస్టెంట్ మెహజబీన్. ప్రసూతి సెలవు అయిపోయి తాడేపల్లిగూడెం నుంచి రోజూ రైల్లో వచ్చి వెళుతోంది. పాప మెహర్ డబ్బాపాలు నోట పెడితే కక్కేస్తుంది. మధ్యాహ్నం రికార్డు రూములో పాత ఫైళ్ళ వెనక కూర్చుని ఈవిడ పంపుతో తీసిన పాలు ఇంటికి చేరితేనే మర్నాడు పాప కడుపు నిండేది. ఎండకి అవి తరచూ విరిగిపోయేవి. ఉద్యోగం మానేద్దామా అని ఆవిడ అనుకుంటూండగా జె.డి.గారు గులాబీ రంగు గది, మెత్తటి కుర్చీ, ఏసీ, ఫ్రిజ్ అమర్చారు. రిబ్బన్ ఒక్కటే మిగిలింది. అది మంత్రిగారు కత్తిరించాలి.

ఆ రోజు లబ్ధిదారుని కూడా హాజరుపరచమన్నారు. అత్తగారు జైనబ్ పాపని ఎత్తుకొచ్చింది. పది గంటలకి మంత్రిగారి కాన్వాయ్ గుండుగొలను దాటుతోందని ఫోనొచ్చింది. పన్నెండింటికీ గుండుగొలనే దాటుతోంది. పాప ఏడుపు లంకించుకుంది.

"సార్, గదిలో కూర్చుని పాలిచ్చేస్తానండీ" అంది మెహజబీన్.

"మీరే ముందు ఇచ్చేస్తే ఇంక మంత్రిగారు ప్రారంభించేదేముంటుందమ్మా?" అన్నారు జె.డి.గారు.

"పోనీ రికార్డు రూములో ఇస్తానండీ."

"అంత గది పెట్టుకుని రికార్డు రూములో ఇస్తే ప్రభుత్వానికి ఎంత చెడ్డపేరు? పైగా బొకే పట్టుకోవలసింది మీరు."

జె.డి.గారు కఠినాత్ములు కారు. పొద్దున్న ఆవిడ తీసిన పాలసీసాని కొత్త ఫ్రిజ్‌లో పెట్టించి, దాన్ని మంత్రిగారి చేతుల మీదుగా పాపకి అందిద్దామన్నారు. అందాకా పాప ఓపిక పట్టాలి.

ఎట్టకేలకు మంత్రిగారు వచ్చారు. రిబ్బన్ కత్తిరించారు. గుమ్మం ముందు ఆగిపోయారు.

"పాలు పొంగించరేమండీ? కొత్త గదిలో పాలు పొంగందే నేను కాలు పెట్టను. నా సెంటిమెంట్ తెలుసుగా?"

అటెండరు పాపారావు ఇత్తడి గిన్నె, కరెంటు పొయ్యి, పసుపు, కుంకుమ అన్నీ సిద్ధం చేశాడు.

"పాలేవయ్యా?" అన్నారు జె.డి.గారు.

"పాల గదికి పాలెవరు తెస్తారండీ? లోపలే ఉంటాయనుకున్నానండీ."

నిజమే, లోపలే ఉన్నాయి. పాపారావు ఫ్రిజ్ తెరిచి సీసా తీశాడు.

"సార్, అవి మా పాపవండీ" అంది మెహజబీన్, చేతిలో బొకేతో.

"అందుకేనమ్మా, మీ పాప పేరు మీదే పొంగిద్దాం" అన్నారు జె.డి.గారు.

ఆ పాలు గిన్నె అడుగుకే చాల్లేదు. ముహూర్తం దాటిపోతోందని మంత్రిగారి పి.ఎ. కంగారుపడ్డారు. అప్పుడు జె.డి.గారు సమయస్ఫూర్తితో జైనబ్ సంచిలోంచి ఉగ్గుగిన్నె తీయించి అందులో పోయించారు. పాలు తూర్పుకి పొంగాయి. చప్పట్లు మోగాయి. పాప గుక్కపట్టింది.

"చిట్టితల్లి ఆనందం చూశారా" అన్నారు మంత్రిగారు.

"ఆనందం కాదండీ, ఆకలండీ" అంది జైనబ్.

ప్రజలతో ముఖాముఖి మాట్లాడటం ఇష్టం కనక మంత్రిగారు నవ్వారు. గిన్నెలో మిగిలిన చెంచాడు పాలు కళ్ళకద్దుకుని తీర్థంలా పుచ్చుకున్నారు.

"శ్రేష్ఠంగా ఉన్నాయండీ. ఆవువా, గేదెవా?"

జె.డి.గారు ఒక్క క్షణం ఆలోచించారు. "మన స్టాఫ్‌వేనండీ."

"చాలా సంతోషం. స్టాఫ్‌ని ఎంకరేజ్ చెయ్యండి" అని మంత్రిగారు కారెక్కారు.

మెహజబీన్ పాపని తీసుకుని గదిలోకి వెళ్ళబోయింది. జె.డి.గారు గుమ్మంలో అడ్డం నిలబడ్డారు.

"గృహప్రవేశమైన చోట మూడు నిద్రలు చెయ్యాలి కదమ్మా. అది కాకుండా వాడితే అరిష్టం. ఇంకెవర్నో ఇబ్బంది పెట్టడం ఎందుకు, ఆ మూడూ నేనే చేస్తాను."

భోజనం కాగానే ఆయన ఏసీ వేసుకుని మొదటి నిద్ర ప్రారంభించారు. మెహజబీన్ పాపని రికార్డు రూములోకి తీసుకెళ్ళింది. నేను బయట తలుపు పట్టుకుని నిలబడ్డాను. పాప ఏడుపు మెల్లగా ఆగింది. నాకు మాత్రం కళ్ళనీళ్ళు ఆగలేదు. ప్రెస్‌నోట్‌లో వాటిని ఆనందబాష్పాలని టైపు చేశాను.

మర్నాడు మంత్రిగారికి ఇంకో శాఖ కూడా అప్పగించారు. ఆ మధ్యాహ్నమే జె.డి.గారు పాల గది తలుపు కాస్త తెరిచి మెహజబీన్‌ని పిలిచారు.

"శుభవార్తమ్మా. శనివారం తాడేపల్లిగూడెం ఆఫీసులో పాల గది ప్రారంభం. కలిసొచ్చిన పాలు, అవే కావాలన్నారట మంత్రిగారు. మీ ఊరే కదా, ఆన్ డ్యూటీ ఇస్తున్నాను. ఈసారి కాస్త ఎక్కువ తెండి. పాపని మాత్రం తేవద్దు. ఏడిస్తే వీడియో పాడవుతోంది."

అని తలుపు లోపల గడియ పెట్టుకున్నారు. అది రెండో నిద్ర.